పీచు, జిగురు, బుద్ధి

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి మట్టిని గూర్చి వేరుగా చెప్పవలసిన పని లేదు. ధవళేశ్వరమునకు దిగువ నది పాయలుగా చీలి సముద్రమును చేరు లోపల పరచిన ఒండ్రు మీదనే ఈ సీమ యంతయు నిలిచియున్నది. ఆ మట్టి వరిని పండించును, కొబ్బరిని పెంచును, అరటిని గెల వేయించును. కాని ఇల్లు కట్టవలసి వచ్చినప్పుడు ఒట్టి మట్టి చాలదని ఇక్కడి రైతు ఏనాడో కనుగొనెను. తడిమట్టిలో వరిగడ్డి ముక్కలును ఊకయు చల్లి, కాళ్లతో త్రొక్కి, మాగనిచ్చి, అటుపిమ్మట గోడ పెట్టెను. గడ్డి లేని గోడ ఎండకు బీటలు వారును. గడ్డి కలిసిన గోడ ఏండ్ల తరబడి నిలుచును.

ఇంటి ఇల్లాలి చేతిలోని చేట కూడ ఈ పాఠమునే చెప్పును. వెదురు బద్దలతో అల్లిన చేటకు సందు లుండును. సన్నని నూక జారిపోవును. నానిన కాగితపు గుజ్జును మెంతుల ముద్దను కలిపి రుబ్బి చేటకు మెత్తి ఎండబెట్టినచో సందులు పూడును, చేట గట్టిపడును, బరువు మాత్రము పెద్దగా పెరుగదు. వెదురు బలము నిచ్చినది. మెంతుల జిగురు ఆ బలమును ఒక్కటిగా కూర్చినది. ఏ ఒక్కదానికిని లేని గుణము రెండింటి కలయికకు వచ్చినది.

నేడు ఇంజనీరింగు కళాశాలలలో మిశ్రమ పదార్థములు అను పేర బోధింపబడుచున్న శాస్త్రమునకు మూలసూత్రము ఇంతకంటె వేరు కాదు. ఒకటి పీచు, ఒకటి జిగురు. పీచు బరువును మోయును. జిగురు పీచులను విడిపోకుండ పట్టి యుంచి, ఒక పీచు మీద పడిన భారమును ప్రక్కనున్న పీచునకు పంచి యిచ్చును. విమానము రెక్కయైనను, మత్స్యకారుని పడవయైనను, మెంతులు మెత్తిన చేటయైనను ఈ సూత్రము మీదనే నిలిచియున్నవి. చూడవలసిన విషయ మేమనగా, ఈ సూత్రమును ఇంట నేర్చిన డెల్టా బిడ్డ, కళాశాలలో దానిని మరల ఇంగ్లీషున నేర్చి, పరీక్ష వ్రాసి, పట్టము పుచ్చుకొని, తన ఊరి పీచును ఊరిలోనే వదలి హైదరాబాదునకో బెంగుళూరునకో వెడలిపోవుచున్నాడు. విద్యకును నేలకును నడుమ ఈ ఎడము ఎందుకు ఏర్పడినది, దానిని పూడ్చు దారి యేది అనునదే ఇక్కడి ప్రశ్న.

సన్నని పీచులో దాగిన బలము

గాజు పెళుసు అని ఎల్లరును ఎరుగుదురు. చేతి నుండి జారిన గాజు గ్లాసు ముక్కలగును. అదే గాజును కరగించి తలవెండ్రుక కంటె సన్నని తీగగా లాగినచో అది ఉక్కు తీగతో పోటీపడును. ఈ వింతకు కారణమును 1920లో గ్రిఫిత్ అను ఆంగ్ల ఇంజనీరు వివరించెను. వస్తువు విరుగుట దాని ఉపరితలము మీద కంటికి కానరాని పగుళ్ల వలన. వస్తువు ఎంత లావైనచో అంత పెద్ద పగులు దానిలో ఉండుటకు అవకాశము కలదు. సన్నని పీచులో పెద్ద పగులునకు చోటే లేదు. కావున పీచు బలమైనది.

కాని విడి పీచుతో పని జరుగదు. దారమును లాగవచ్చును గాని దానితో నెట్టలేము. అందుచేత దానిని జిగురులో పొదుగవలెను. ఒక లెక్క చూచినచో విషయము తేటపడును. గాజు పీచు బిగువు సుమారు 70 గిగాపాస్కలులు. పాలియెస్టరు, ఎపాక్సీ వంటి జిగురుల బిగువు సుమారు 3. రెండింటిని సగము సగము పరిమాణమున కలిపి, పీచులన్నిటిని ఒకే వైపునకు పరచినచో, పీచు వెంట లాగినప్పుడు మిశ్రమపు బిగువు ఇంచుమించు 36 అగును. పీచునకు అడ్డముగా లాగినచో 6 కూడ రాదు. వస్తువు ఒక్కటే, దిక్కు మారగా గుణము మారినది. ఇనుమునకు ఇట్టి భేదము లేదు. ఇనుముతో పని చేయువాడు దొరికిన దానిని కోసి వాడుకొనును. మిశ్రమముతో పని చేయువాడు, బరువు ఏ వైపునుండి వచ్చునో ముందుగా ఆలోచించి, ఆ వైపునకు పీచును పరచి, వస్తువును పదార్థమును ఒక్కసారిగా సృష్టించును. ఈ విద్యకు గల అందమంతయు ఇందే కలదు.

ప్రపంచము ఈ మార్గమున చాల దూరము నడచినది. 1930ల చివర అమెరికాలో గాజు పీచు పరిశ్రమగా రూపొందినది. 1940 ప్రాంతమున ఇంగ్లండులో అల్యూమినియము కొరవడునేమో అను భయముతో, అవిసె నారను జిగురులో పొదిగి స్పిట్ ఫైర్ యుద్ధ విమానపు దేహమును ప్రయోగ పూర్వకముగా నిర్మించి చూచిరి. 1941లో హెన్రీ ఫోర్డు మొక్కల నుండి తీసిన పదార్థములతో చేసిన పలకలను కారునకు తొడిగి చూపెను. 2011లో ప్రయాణీకుల సేవలో ప్రవేశించిన బోయింగ్ 787 విమానపు బరువులో సగము మిశ్రమ పదార్థములే. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన మన తేజస్ యుద్ధ విమానపు చట్రములో బరువును బట్టి నూటికి 45 పాళ్లు ఇట్టివే.

ఇంత దూరము పోనక్కరలేదు. ఉప్పాడ తీరమునగాని, అంతర్వేది తీరమునగాని నిలబడి చూచినచో చాలును. ఒకప్పుడు అలల మీద ఊగిన కొయ్య తెప్పలకు బదులుగా 1980ల తరువాత ఆంధ్ర తీరమున క్రమముగా ఫైబరు పడవలు వచ్చినవి. పడవ అడుగు బండకు తగిలి చీలినచో, గాజు పీచు చాపను కత్తిరించి, జిగురు కలిపి, పూతపూసి, ఆరనిచ్చి మరల కడలి మీదికి త్రోయుదురు. పుస్తకములో మిశ్రమ పదార్థమని చదివిన విద్యార్థి చాలమంది కంటె ఈ తీరపు మనిషికి దాని నాడి బాగుగా తెలియును.

డెల్టా నేల ఇచ్చు నారలు

గాజు పీచు, కర్బన పీచు కర్మాగారములలో పుట్టును. కాని ప్రకృతియే పీచును జిగురును కలిపి నేసిన వస్తువులు డెల్టాలో అడుగడుగునను కలవు. వెదురు బొంగు అట్టిది. కొబ్బరి మ్రాను అట్టిది. మొక్క యొక్క సెల్యులోజు పీచు వలె బరువు మోయును. లిగ్నిను జిగురు వలె పట్టి యుంచును.

గౌతమీ వసిష్ఠల నడుమ నున్న కోనసీమకు కొబ్బరియే కామధేనువు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు పేరు వినని వర్తకుడు లేడు. 1996 నవంబరు తుపాను కోనసీమ తోటలను నేలగూల్చినప్పుడు ఒక తరము బ్రతుకు తలక్రిందులైనది. మరల మొక్కలు నాటి, తోటలు పెంచి, ఈ సీమ నిలద్రొక్కుకొన్నది. కాయలో కొబ్బరికి విలువ కలదు, నూనెకు కలదు, చిప్పకును కలదు. డొక్కకు మాత్రము చాల కాలము పొయ్యియే గతి. డొక్కను యంత్రమున కొట్టినచో పీచును పొట్టును వేరగును. పీచు త్రాళ్లకును పరుపులకును పోవును. పొట్టు కడియము, కడియపులంకల నర్సరీలలో మొక్కల వేళ్లకు తడి నిలుపుటకు పనికివచ్చును. కాయరు పరిశ్రమ చట్టము 1953లో వచ్చి, కాయరు బోర్డు ఏర్పడి, దాని ప్రాంతీయ కార్యాలయము రాజమహేంద్రవరమున నెలకొన్నది. అయినను డెల్టా పీచులో అధిక భాగము పీచుగానే, అనగా ముడి సరకుగానే, పొలిమేర దాటుచున్నది.

ఈ పీచు గుణమేమి? దానిలో లిగ్నిను నూటికి 40 పాళ్లకు పైబడి యుండును. అందుచేతనే అది ఉప్పునీటికి త్వరగా క్రుళ్లదు. లోపలి సన్నని పోగులు స్ప్రింగు వలె మెలివడి యుండుటచేత, లాగినప్పుడు చాల సాగును. తెగుటకు ముందు తన పొడవులో నూటికి 15 నుండి 30 పాళ్ల వరకు, కొన్నిట అంతకు మించియు సాగగలదు. కాని దాని బలము గాజు పీచు బలములో పదియవ వంతు కంటె తక్కువ. ఇక రావులపాలెము మార్కెట్టునకు గెలలు వచ్చిన తరువాత తోటలో మిగిలిన అరటి బోదను చూడుడు. దాని నారలో సెల్యులోజు 60 పాళ్లకు పైగా కలదు. అది కొబ్బరి పీచు కంటె ఎన్నో రెట్లు బలమైనది గాని, సాగదు. చెమ్మకు త్వరగా లోబడును. ఒకటి సాగును, ఒకటి బిగియును. ఒకదానిని రెండవదాని పనికి వాడినచో రెండును చెడును.

కావున కొబ్బరి పీచుతో దూలము చేయబూనుట తెలివితక్కువ. దెబ్బను మ్రింగవలసిన చోట, ధ్వనిని ఆపవలసిన చోట, చెమ్మను ఓర్వవలసిన చోట, కాలువ గట్టు జారకుండ కప్పవలసిన చోట అది రాణించును. కొయ్యకు బదులుగా కొబ్బరి పీచును జిగురుతో అదిమి పలకలు చేయు విధానమును కాయరు బోర్డు పరిశోధన సంస్థలు ఇదివరకే రూపొందించినవి. పదార్థమును బలవంతపెట్టుట కాదు, అది ఏ పనికి ఒప్పుకొనునో తెలిసికొనుట ఇంజనీరు చేయవలసిన మొదటి పని.

తెలుగునాట ఈ దిశగా శ్రద్ధగల పరిశోధన జరిగినది. విజయవాడ ఇంజనీరింగు అధ్యాపకులు వక్క, ఖర్జూర, వెదురు నారలను తీయు పద్ధతులను, వాని బలమును కొలిచి 2007లో అంతర్జాతీయ పత్రికలో ప్రకటించిరి. 2011లో జొన్న దంటు, కిత్తనార, వెదురు నారలను పాలియెస్టరులో పొదిగి పరీక్షించిన ఫలితములు వెలువడినవి. జొన్న దంటును పశువులకు వేయుట తప్ప వేరెరుగని నేలలో, దానిని లాగి కొలిచి, అంకెలలో చెప్పుట చిన్న పని కాదు.

ఇసుకను అడిగి నేర్చిన ఇంజనీరు

డెల్టాలో ఇంజనీరు అనగానే గుర్తుకు వచ్చు పేరు సర్ ఆర్థర్ కాటన్. ఆయన కథను ఇక్కడ తలచుటకు కారణము వేరు. గోదావరికి రాకముందు కావేరి డెల్టాలో పనిచేసిన కాటన్, అచ్చటి ప్రాచీనమైన కల్లణై ఆనకట్టను పరిశీలించెను. లోతు తెలియని ఇసుక మీద రాతికట్టడము ఎట్లు నిలిచెను? పూర్వులు ఇసుకను తొలగింపబూనలేదు. బండలను నదిలో వేసి, అవి క్రుంగి స్థిరపడిన దానిమీద మరల బండలు పేర్చిరి. ఇసుకతో పోరాడక ఇసుకను ఒప్పించిరి. ఆ పాఠము తనకు స్థానికుల నుండియే లభించినదని కాటన్ దాచక చెప్పెను. 1847లో ధవళేశ్వరము వద్ద పని ప్రారంభమై 1852 నాటికి ఆనకట్ట పూర్తియైనది. 1970-82 నడుమ కట్టిన నేటి బ్యారేజి వచ్చువరకు ఆ కట్టడమే డెల్టాకు అన్నము పెట్టినది.

ఇందు రెండు సంగతులు కలవు. మొదటిది, గొప్ప ఇంజనీరు ఊరివారి చేతిపనిలోని శాస్త్రమును గుర్తించెను. రెండవది, గుర్తించి ఊరకుండక, ఎంత నేల తడియునో, ఎంత వ్యయమగునో, ఎంత ఆదాయము వచ్చునో లెక్కకట్టి, నివేదికలు వ్రాసి, ఇష్టము లేని ప్రభుత్వమును ఒప్పించెను. నేడు కళాశాలలలో దేనిని పరిశ్రమ స్థాపన దృష్టి అని పేరు పెట్టి బోధించుచున్నారో, అది ఈ రెండవ గుణమే. అది వ్యాపారము చేయు నేర్పు మాత్రమే కాదు. తెలిసిన దానిని పనికివచ్చు వస్తువుగా మార్చి, దానికి కావలసిన మనుషులను, ధనమును, నమ్మకమును ఒకచోట కూర్చగల శక్తి.

కళాశాలల తీరు

1946లో విశాఖపట్టణము ఇంజనీరింగు కళాశాల అను పేర ఆరంభమై కాకినాడకు తరలిన విద్యాలయము ఈ సీమలో ఇంజనీరింగు విద్యకు పెద్దమ్మ వంటిది. అది 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమున భాగమై, 2008లో కాకినాడ కేంద్రముగా ప్రత్యేక విశ్వవిద్యాలయమైనది. 1980లో భీమవరమున, 1998లో రాజమహేంద్రవరము చెంత ప్రైవేటు కళాశాలలు వెలసినవి. 2015లో తాడేపల్లిగూడెమున జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఆరంభమైనది. ఒకప్పుడు జిల్లాకొక ఇంజనీరు దొరకుట దుర్లభము. నేడు ఊరికి పదిమంది కలరు.

మెకానికల్ శాఖలో చివరి సంవత్సరము చదువు విద్యార్థులు నారతో మిశ్రమము చేయుట ఈనాడు సర్వసాధారణమైన ప్రాజెక్టు. నారను తెచ్చి, సోడా నీటిలో నానబెట్టి కడిగి, దాని మీది మైనమును పోగొట్టుదురు. అట్లు చేయనిచో జిగురు నారకు అంటదు. తరువాత అచ్చులో పరచి, జిగురు పోసి, బరువు పెట్టి, ఆరనిచ్చి, నియమిత కొలతలకు కోసి, లాగి, వంచి, కొట్టి పరీక్షింతురు. పటములు గీసి, నివేదికను అట్టకట్టి సమర్పింతురు. మార్కులు వచ్చును. నివేదిక బీరువాలోనికి పోవును. మరుసటి ఏడు మరియొక జట్టు వచ్చి, నారను మార్చి, అదే పని చేయును.

ఈ పని వ్యర్థమని ఎవరును అనరాదు. చేతికి జిగురు అంటని ఇంజనీరు కంటె అంటిన ఇంజనీరు మేలు. కాని ఒక ప్రశ్న మాత్రము అడుగబడకయే మిగులుచున్నది. ఈ పలక ఎవరికి కావలెను? ఈ ప్రశ్న వేసిన మరుక్షణము ఎన్నో ప్రశ్నలు పుట్టును. ఒక తోట నార మరియొక తోట నారతో సమానముగా ఉండునా? వానకాలమున, గాలియే నీరుగా ఉన్న కోనసీమలో, నారను ఎట్లు ఆరబెట్టవలెను? చెమ్మ పీల్చి పలక ఉబ్బినచో ఏమి చేయవలెను? కొనువాడు ప్లైవుడ్డును వదలి దీనిని ఎందుకు కొనవలెను? పాడైన పిమ్మట దానిని ఏమి చేయవలెను? ఈ చివరి ప్రశ్నకు నిజాయితీగల జవాబు కష్టము. నార మొక్కనుండి వచ్చినను, పాలియెస్టరు, ఎపాక్సీ జిగురులు పెట్రోలియము నుండి వచ్చినవే. ఒకసారి గట్టిపడినచో మరల కరగవు. సగము పచ్చనిదానికి పూర్తిగా పచ్చరంగు పూయుట శాస్త్రము కాదు. ఇట్టి ప్రశ్నలు పరీక్షాపత్రములో రావు. వచ్చినచో ఆ బీరువా తలుపులు తెరచుకొనును.

మూడు కథలు

ఈ ప్రశ్నలు వేసికొన్నవారు లేకపోలేదు. రాజమహేంద్రవరమునకు చెందిన కోసూరి వెంకటరత్నము కంసాలి పని తెలిసినవాడు. విదేశీ వస్తువుల స్థానమున స్వదేశీ వస్తువులు తయారు చేయుడని గాంధీజీ ఇచ్చిన పిలుపును విని, 1932లో ఫౌంటెను పెన్ను తయారీకి పూనుకొనెను. ఆయన వాడినది ఎబొనైటు. అనగా రబ్బరునకు గంధకమును అధికముగా చేర్చి కాచి గట్టిపరచిన పదార్థము. దానిని లేతు మీద తిప్పి, చెక్కి, నునుపు చేసి కలము తీసెను. 1935లో గాంధీజీ ఆ కలమును మెచ్చి ఉత్తరము వ్రాసిన సంగతి ఆ ఊరికి నేటికిని గర్వకారణము. రత్నము గారికి ఇంజనీరింగు పట్టము లేదు. కాని పదార్థమును ఎరిగిన చేయి కలదు, దేనికి చేయుచున్నానను తెలివి కలదు, విదేశీ కలముతో నిలబడగల నాణ్యము వచ్చువరకు విడువని పట్టుదల కలదు.

రెండవది హైదరాబాదు కథ. అబ్దుల్ కలాం గారు అచ్చటి రక్షణ పరిశోధన ప్రయోగశాలలో పనిచేయుచు, అగ్ని క్షిపణి కొరకు మిక్కిలి తేలికయైన మిశ్రమ పదార్థములను సాధించిరి. అగ్ని తొలిసారి 1989 మే 22న ఎగిరినది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థ నుండి వచ్చిన ఎముకల వైద్యుడొకరు ఆ పదార్థమును చేతబట్టి, దాని తేలికదనమునకు అచ్చెరువంది, కలాం గారిని ఆసుపత్రికి తోడ్కొని పోయెను. పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైబడిన ఇనుప ఊతములను కాళ్లకు తగిలించుకొని ఈడ్చుచు నడచుచుండిరి. మూడు వారములలో కలాం గారి బృందము 300 గ్రాముల ఊతములను తయారు చేసి యిచ్చినది. తల్లిదండ్రుల కన్నులలో నీరు నిండినదని ఆయన పలుమార్లు చెప్పిరి. అంతవరకు ఆ పదార్థము ప్రయోగశాలలోనే ఉన్నది. పిల్లలు ఆసుపత్రిలోనే ఉన్నారు. రెండింటి నడుమ దూరము కొన్ని మైళ్లే. ఒక మనిషి ఒక తలుపు దాటి వచ్చుటతో ఆ దూరము తీరినది.

మూడవది దూరదేశపు కథయైనను కోనసీమకు చుట్టమే. బ్రెజిలు దేశమున అమెజాను నది సముద్రమున కలియుచోట మరజో అను పెద్ద దీవి కలదు. అచ్చటను కొబ్బరి తోటలు, అచ్చటను పారవేయు డొక్కలు. 1990ల ఆరంభమున పారా రాష్ట్రపు ఫెడరల్ విశ్వవిద్యాలయము పేద గ్రామములకు బ్రతుకుతెరువు చూపవలెనని పోయెమా అను కార్యక్రమమును చేపట్టి, డైమ్లర్-బెంజ్ కంపెనీతో చేయి కలిపినది. కొబ్బరి పీచును సహజమైన రబ్బరు పాలతో కలిపి అచ్చుపోసి లారీ సీట్లకు తలయానికలు చేసిరి. రసాయనపు నురుగుకు బదులుగా పీచు వచ్చినది. జిగురును చెట్టునుండియే వచ్చినది. దీవిలో చిన్న ప్రయోగముగా మొదలైన ఆ పని 2001 నాటికి బెలెం నగరము చెంత పెద్ద కర్మాగారమైనది. దెబ్బను మ్రింగు పీచును దెబ్బను మ్రింగవలసిన చోటనే వాడిరని గమనింపవలెను. విశ్వవిద్యాలయము విద్యను ఇచ్చినది. గ్రామము పీచును ఇచ్చినది. కంపెనీ కొనెదనని మాట ఇచ్చినది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను కథ నడుమనే ఆగియుండెడిది.

నేటి అవకాశము, నేటి ప్రమాదము

ప్రభుత్వము కూడ ఈ దిశగా కదలినది. విద్యార్థులును అధ్యాపకులును సంస్థలు స్థాపించుటకు వీలు కల్పించు జాతీయ విధానము 2019లో వచ్చినది. 2025 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వము అమరావతి కేంద్రముగా రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్‌ను ప్రారంభించి, రాజమహేంద్రవరమును దాని శాఖాస్థానములలో ఒకటిగా చేసినది. భవనములు వచ్చినవి; పథకములు వచ్చినవి.

అయినను ఒక హెచ్చరిక అవసరము. ప్రతి విద్యార్థియు యజమాని కావలెనని బలవంతపెట్టుట, ప్రతి విద్యార్థియు గుమాస్తా కావలెనని బలవంతపెట్టుట వంటిదే. పరిశ్రమ పెట్టినవారిలో చాలమంది తొలి ప్రయత్నమున విఫలులగుదురు. తండ్రి తోటను తాకట్టు పెట్టి చదివించిన ఇంట ఆ నష్టము తేలిక కాదు. వేదికల మీద ఉత్సాహము నూరిపోసినంత మాత్రమున పదార్థము గట్టిపడదు. జిగురు తొందరపడి ఆరినచో లోపల గాలిబుడగలు మిగులును. పైకి నున్నగా కనుపించిన పలక మొదటి బరువుకే విరుగును. విద్యయు అంతే. కావలసినది నినాదము కాదు, ఓపికగల అభ్యాసము.

విద్యార్థులందరికిని నేర్పదగినది పరిశ్రమ కాదు, ప్రశ్న. ప్రాజెక్టు ఆరంభమునందే నార అమ్ము రైతుతో ఒక దినము, వస్తువు వాడు మనిషితో ఒక దినము గడుపవలెను. నివేదికలో బలపు అంకెలతోపాటు ఖర్చు అంకెలును ఉండవలెను. నిరుటి జట్టు ఆపిన చోట ఈ ఏటి జట్టు మొదలిడవలెను. ఇంతమాత్రము జరిగినను, పట్టము పుచ్చుకొని ఉద్యోగమునకు పోయినవాడు సైతము మెరుగైన ఇంజనీరుగా పోవును. ఊరిలో నిలిచినవాడు చేయి తిరిగినవాడై నిలుచును.

బడిలోనే మొదలు

దీనికి ఇంజనీరింగు కళాశాల వరకు ఆగనక్కరలేదు. ఉన్నత పాఠశాల సైన్సు ఉపాధ్యాయుడు ఒక రూపాయి వ్యయము లేకుండ ఈ పాఠము చెప్పవచ్చును. చెరువు మట్టితో అడుగు పొడవు, రెండంగుళముల వెడల్పు, అంగుళము మందముగల కడ్డీలు నాలుగు చేయవలెను. మొదటిది ఒట్టి మట్టి. రెండవదానిలో వరిగడ్డి ముక్కలు ఎట్లుబడిన నట్లు కలుపవలెను. మూడవదానిలో కొబ్బరి పీచును పొడవు వెంట, అడుగు భాగమునకు దగ్గరగా, వరుసగా పరువవలెను. నాలుగవదానిలో అదే పీచును అడ్డముగా పరువవలెను. నీడను వారము దినములు ఆరనిచ్చి, రెండిటుకల మీద నిలిపి, నడుమ డబ్బా వ్రేలాడగట్టి, అందు ఇసుకను మెల్లగా పోయవలెను.

ఒట్టి మట్టి కడ్డీ హెచ్చరిక లేకుండ ఫటాలున విరుగును. పీచు పొడవు వెంట నున్న కడ్డీ పగిలియు పడిపోదు. పగులుకు అడ్డముగా పీచులు పట్టుకొని నిలుచును. పీచు అడ్డముగా నున్న కడ్డీకి ఆ పీచు ఏమంత సాయము చేయదు. బలము పీచులో మాత్రమే లేదని, దానిని పరచిన బుద్ధిలో కూడ కలదని పిల్లవాడు కన్నులార చూచును. ఇసుకను తూచి అంకెలు వ్రాయించినచో అది పరిశోధన. ఈ మట్టి ఇటుకతో మన ఊరిలో ఎవరికేమి పని జరుగును, ఎంతకు అమ్మవచ్చును అని అడిగినచో అది పరిశ్రమ దృష్టికి శ్రీకారము. రెండును ఒకే గంటలో, ఒకే బల్లమీద జరుగును.

మిశ్రమ పదార్థమునందు మిక్కిలి బలహీనమైన చోటు పీచు కాదు, జిగురు కాదు. రెండును కలియు సరిహద్దు. అచ్చట అంటు సరిగా కుదురనిచో ఎంత గొప్ప పీచైనను జారిపోవును. డెల్టా సీమ కథయు ఇదియే. పీచు కలదు, దానిని ఇచ్చు నేల కలదు. విద్య కలదు, దానిని బోధించు కళాశాలలు కలవు. తోటకును ప్రయోగశాలకును నడుమ నున్న ఆ సన్నని సరిహద్దున అంటు కుదిరినచో చాలును. ఆ పనికి పూనుకొనగలవారు ఉపాధ్యాయులును విద్యార్థులునే.